డాక్టరు అడిగినప్పుడు ‘అలాంటిదేమీ లేదు’ అన్నాను

చెన్నై నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఎనిమిది పేజీలుంది కనుక, ఆమెను ఎవరూ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు తీసివేసి, సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమె వయసు 34. పుట్టిల్లు నెల్లూరు, అత్తవారిల్లు చెన్నై. ఆరేళ్ల పాప ఉంది, బరువు 18 కిలోలు. భర్తగారి అన్నయ్య 11 ఏళ్లుగా ఉగాండా రాజధాని కంపాలాలో వ్యాపారం చేస్తున్నారు. అక్కడ ఆయన కట్టుకున్న ఇంటి గృహప్రవేశానికి మే నెలాఖరులో భార్యాభర్తలు, పాప, 66 ఏళ్ల అత్తగారు కలిసి బయలుదేరుతున్నారు. 3 వారాలు ఉంటారు. అందులో 4 రోజులు మర్చిసన్ ఫాల్స్ అభయారణ్యం చూడడానికి వెళ్తారు.

విదేశాలకు వెళ్లేవారికి టీకాలు, మందులు రాసే ఒక డాక్టరు దగ్గరికి నలుగురూ కలిసి వెళ్లారు. ఆయన నలుగురికీ మలేరియా రాకుండా మెఫ్లోక్విన్ మాత్రలు రాశారు. వారానికి ఒకటి చాలు, పిల్లలకూ ఇవ్వవచ్చు, గుర్తుపెట్టుకోవడం తేలిక అన్నారు. రాసే ముందు, ఎవరికైనా గుండె జబ్బు గానీ, ఫిట్స్ గానీ, మానసికమైన ఇబ్బంది గానీ ఎప్పుడైనా ఉందా అని అందరినీ కలిపి అడిగారు. “మా ఇంట్లో అలాంటివేవీ లేవండీ” అని అత్తగారు వెంటనే జవాబు చెప్పారు. డాక్టరు తనవైపు చూసినప్పుడు ఈమె కూడా “అలాంటిదేమీ లేదు” అన్నారు.

నిజానికి ఉంది. పాప పుట్టిన రెండో నెలలో, నెల్లూరులో పుట్టింట్లో ఉండగా, ఈమెకు నిద్ర పోయింది, తిండి పోయింది, బిడ్డను ఎత్తుకోవాలంటే భయం వేసేది. తల్లి ఒక సైకియాట్రిస్టుకు చూపించారు. 7 నెలలు మాత్రలు వాడాక పూర్తిగా కోలుకున్నారు. “అత్తవారింట్లో ఈ మాట పొక్కనీయకు” అని తల్లి మాట తీసుకున్నారు. భర్తకు కూడా బాలింత నీరసమనే తెలుసు. ఇప్పుడు మెఫ్లోక్విన్ గురించి చదివితే, కుంగుబాటు ఉన్నవారు వాడకూడదని కనిపించింది. మే మొదటి ఆదివారం నుంచి మాత్రలు మొదలుపెట్టాలి. ఇంటిల్లిపాదికీ మాత్రలు తీసి ఇచ్చే పని ఈమెదే కనుక, తన మాత్ర ఒక్కటీ చాటుగా పారేస్తే సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న: “అసలు ఏ మందూ వద్దు, ఇక్కడ మలేరియా అంటే జలుబు లాంటిది, జ్వరం వస్తే షాపులో కోఆర్టెమ్ కొని మూడు రోజులు వేసుకుంటే పోతుంది” అని బావగారు ఫోన్లో చెప్పారు. భర్త అటే మొగ్గుతున్నారు. మామగారికి చెన్నైలోనే రెండుసార్లు మలేరియా వచ్చి తగ్గిందని, నిలవేంబు కషాయం తాగితే చాలని అత్తగారు అంటున్నారు. వీరి మాటలో నిజమెంత? ఉత్తరం చివర ఈమె మరో రెండు విషయాలు రాశారు. అత్తగారు చాలా ఏళ్లుగా బీపీకి అటెనొలాల్ వాడుతున్నారు, పోయిన ఏడాది ఈసీజీలో చిన్న తేడా ఉందన్నారు. ఇక, రెండో బిడ్డ గురించి భార్యాభర్తలు ఈ మధ్యే ఆలోచిస్తున్నారు.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో మందు గురించిన ప్రశ్న, ఆరేళ్లుగా దాచుకున్న మాట ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి మీరు అనుకుంటున్నంత గట్టిది కాదు. ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పకుండానే మీకు సరిపోయే మందు మీరు తీసుకోవచ్చు. డాక్టరుకు ఒక్కరికి మాత్రం చెప్పాలి. అదెలాగో తర్వాత రాస్తాను.

ముందుగా, ఆ గదిలో మీరు “లేదు” అన్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా, ఆవిడ అప్పటికే ఇంటందరి తరఫునా జవాబు చెప్పేశాక, ఏ కోడలైనా అదే అంటుంది. తప్పు అడిగిన పద్ధతిలో ఉంది. మానసిక ఆరోగ్యం గురించి, గర్భం గురించి అడిగే ప్రశ్నలు ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి అడగవలసినవి. మీకు వచ్చింది ప్రసవానంతర కుంగుబాటు. చాలామంది బాలింతలకు వస్తుంది, మందుతో తగ్గుతుంది, మీకూ తగ్గింది. దానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ మెఫ్లోక్విన్ విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండడం కుదరదు.

అసలు మందు అవసరమా అన్నది ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మీవారు బావగారి మాట వైపే మొగ్గితే మిగతా చర్చ అంతా వృథా అవుతుంది. ప్రపంచంలోని మలేరియా కేసుల్లో 90 శాతానికి పైగా ఆఫ్రికా ప్రాంతంలోనే నమోదవుతున్నాయి, అందులోనూ ఉగాండా బరువు ఎక్కువగా మోస్తున్న దేశాల్లో ఒకటి. అక్కడ ఏడాది పొడవునా మలేరియా ఉంటుంది. కంపాలా సముద్రమట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంది కనుక బెంగళూరులా చల్లగా, హాయిగా ఉంటుందని మీ బావగారు చెప్పే ఉంటారు. ఆ మాట నిజమే. అయితే ఆ చల్లదనం దోమను ఆపేంతది కాదు. మీరు వెళ్లే అభయారణ్యం నైలు నది ఒడ్డున, కంపాలా కంటే తక్కువ ఎత్తులో, ఇంకా వేడిగా ఉండే చోటు.

మీ మామగారికి చెన్నైలో వచ్చిన మలేరియా వేరు, అక్కడిది వేరు. చెన్నైలో ఇళ్ల మీది నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో పెరిగే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమ ఎక్కువగా మోసుకొచ్చేది వైవాక్స్ రకం. అది మనిషిని వణికిస్తుంది, కాలేయంలో దాక్కుని మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది, కానీ ప్రాణం మీదికి తెచ్చేది తక్కువ. ఉగాండాలో ఎక్కువగా ఉన్నది ఫాల్సిపారం రకం. అది సోకిన ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోయి మెదడుకు, మూత్రపిండాలకు రక్తం సరిగా అందనివ్వవు. పొద్దున మామూలు జ్వరంలా మొదలైనది ఒకటి రెండు రోజుల్లోనే స్పృహ తప్పే దాకా వెళ్లగలదు. పేరు ఒకటే కావడం వల్ల మనవాళ్లు రెంటినీ ఒకే గాట కడుతున్నారు.

ఇక బావగారి మాట. ఆయన తన అనుభవం చెబుతున్నారు, మీమీద ప్రేమతోనే చెబుతున్నారు. అయితే అక్కడే పుట్టి, చిన్నప్పటి నుంచి పదేపదే మలేరియా వచ్చి బతికి బయటపడ్డవారికి కొంత పాక్షికమైన రక్షణ ఏర్పడుతుంది. అది పూర్తి రక్షణ కాదు, ఆ దేశం వదిలి కొన్నేళ్లు బయట ఉంటే అదీ పోతుంది. చెన్నైలో పెరిగిన మీకు గానీ, ఆరేళ్ల పాపకు గానీ ఆ పాక్షిక రక్షణ కూడా లేదు. అక్కడి పిల్లలే మలేరియాతో ఎక్కువగా చనిపోతున్నారన్న సంగతి ఆయనకు గుర్తుచేయండి. కోఆర్టెమ్ మంచి మందే. అది జబ్బు వచ్చాక నయం చేసే మందు. జ్వరం మలేరియాదేనని రక్తపరీక్షలో తేలాక, సరైన డోసులో, మధ్యలో ఆపకుండా వాడవలసినది. పరీక్ష లేకుండా షాపులో కొని వేసుకుంటే, అది టైఫాయిడో మరొకటో అయితే అసలు జబ్బు ముదిరిపోతుంది. అడవిలో ఉన్న ఆ నాలుగు రోజుల్లో పాపకు జ్వరం వచ్చి, వాంతులవుతూ మాత్ర కడుపులో నిలవకపోతే ఏం చేస్తారో మీవారిని ఒకసారి ఊహించమనండి.

నిలవేంబు, అంటే మన నేలవేము, చెన్నైలో డెంగీ రోజుల్లో ఊరంతా తాగిన కషాయం. అత్తగారికి దాని మీద నమ్మకం ఉంటే తాగనివ్వండి. మలేరియా మాత్రకు బదులుగా మాత్రం కాదు. హోమియో గుళికల విషయంలోనూ నా మాట ఇదే.

కాబట్టి మందు లేకుండా వెళ్లడమన్నది నేను మీ ముందు పెట్టగలిగిన దారి కాదు. ఏ మందు అన్న దగ్గర మాత్రం నిజంగానే ఎంపిక ఉంది.

మెఫ్లోక్విన్ చెడ్డ మందేమీ కాదు. మన దేశపు మలేరియా మార్గదర్శకాలు కూడా 6 వారాలు దాటిన ప్రయాణాలకు దాన్ని సూచిస్తాయి. వారానికి ఒక్కటే కావడం, చిన్నపిల్లలకు ఇవ్వగలగడం, గర్భిణికి తప్పనిసరైనప్పుడు వాడగలగడం దానిలోని మంచి. అయితే అది కొందరిలో పీడకలలు, నిద్రలేమి, కారణం లేని ఆందోళన, కుంగుబాటు, తల తిరగడం తెస్తుంది. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందు మీద తన అత్యంత గట్టి హెచ్చరికను ముద్రించాలని ఆదేశించింది. తల తిరగడం, చెవుల్లో హోరు వంటివి కొందరిలో మందు మానేశాక కూడా చాలాకాలం ఉండిపోవచ్చని అందులో చెప్పింది. ఇబ్బంది పడేవారిలో ఎక్కువమందికి మొదటి మూడు మాత్రల్లోపే తెలిసిపోతుంది. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టమనడంలోని ఒక కారణం అదే.

మీ విషయంలో నన్ను కలవరపెట్టేది ఆ మందు శరీరంలో నిలిచే కాలం. మింగినదాంట్లో సగం బయటికి పోవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే, “వేసుకుని చూద్దాం, తేడాగా ఉంటే మానేద్దాం” అనే మాట ఈ మందుకు పూర్తిగా పనిచేయదు. మానేసినా అది కొన్ని వారాల పాటు మీలోనే ఉంటుంది. ఆరేళ్ల కిందటి జబ్బును కొన్ని దేశాల మార్గదర్శకాలు ‘ఇటీవలిది’గా లెక్కించవు. మరికొన్ని, గతంలో ఎప్పుడు వచ్చినా ఇవ్వవద్దంటాయి. రెంటిలో ఏది సరైనదని వాదించుకునే అవసరం మీకు లేదు. మీకు వేరే మంచి మందులు ఉన్నాయి. కొత్త దేశంలో, ఇంటినిండా చుట్టాల మధ్య, రాత్రుళ్లు నిద్ర పట్టక, అది ప్రయాణపు అలసటో, మందో, పాత జబ్బు తిరిగి వస్తోందో తెలియక, ఎవరికీ చెప్పుకోలేక మీరు ఒంటరిగా నలిగిపోయే పరిస్థితి నాకు ఇష్టం లేదు.

మిగిలిన రెండు ముఖ్యమైన మందుల్లో మొదటిది అటొవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిపిన మాత్ర. మలేరోన్ అంటే కొందరికి తెలుస్తుంది. రోజూ ఒకటి, అక్కడికి చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ వేసుకుని, వచ్చాక 7 రోజులు వాడాలి. మలేరియా క్రిమి దోమకాటుతో లోపలికి వచ్చాక ముందు కాలేయంలో పెరిగి, తర్వాతే రక్తంలోకి దిగుతుంది. ఈ మందు ఫాల్సిపారం క్రిమిని కాలేయంలోనే కొట్టగలదు కనుక వచ్చాక వారంతో సరిపోతుంది. మీ 3 వారాల ప్రయాణానికి ఒక్కొక్క పెద్దవారికి 30 మాత్రలు పడతాయి. నెయ్యి, నూనె ఉన్న భోజనంతో గానీ, పాలతో గానీ వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. వేసుకున్న గంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. కొందరికి కడుపునొప్పి, తలనొప్పి, నోటిపూత వస్తాయి. కలలు కాస్త ఎక్కువగా వచ్చేవారూ ఉన్నారు. అయినా గతంలో కుంగుబాటు ఉన్నవారికి ఇవ్వకూడదన్న నిషేధం దీనికి లేదు. ధర ఎక్కువ, అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. అందుకే చాలామంది డాక్టర్లు దీన్ని రాయడానికి వెనుకాడతారు.

రెండోది డాక్సీసైక్లిన్. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. 6 వారాల లోపు ప్రయాణాలకు మన దేశపు మార్గదర్శకాలు చెప్పేది దీన్నే. రోజూ 100 మిల్లీగ్రాములు, 2 రోజుల ముందు నుంచి, తిరిగి వచ్చాక 4 వారాల దాకా. మీ లెక్కన 51 రోజులు. ఇది రక్తంలోకి దిగిన క్రిమి మీదే ప్రధానంగా పనిచేస్తుంది కనుక, చివరి రోజు కుట్టిన దోమ వదిలిన క్రిమి కాలేయం దాటి బయటికి వచ్చేదాకా కాపు కాయాలి. ఇంటికి వచ్చి పది రోజులు గడిచాక, ఏమీ కాలేదు కదా అని మానేసేవాళ్లు ఈ మందుతోనే ఎక్కువ. పెద్ద గ్లాసు నీళ్లతో, భోజనంతో వేసుకుని, అరగంట దాకా పడుకోకూడదు, లేకపోతే మాత్ర అన్నవాహికలో అంటుకుని పుండు పడుతుంది. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. ఆడవారికి తెల్లబట్ట, దురద రావచ్చు. కాల్షియం, ఐరన్ మాత్రలు, కడుపు మంటకు వాడే మందులు దీన్ని ఒంటికి పట్టనివ్వవు కనుక వాటికీ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి.

క్లోరోక్విన్ ఆఫ్రికా ఫాల్సిపారం మీద పనిచేయడం ఎప్పుడో మానేసింది, దాని గురించి ఎవరైనా చెబితే వినవద్దు. ప్రైమాక్విన్, టాఫెనోక్విన్ అనేవి కూడా ఉన్నాయి గానీ, జీ6పీడీ అనే ఎంజైము లోపం లేదని రక్తపరీక్షలో తేలకుండా వాటి జోలికి పోకూడదు. మీ ప్రయాణానికి అంత దూరం అవసరం లేదు.

ఇప్పుడు మనిషి మనిషికీ చూద్దాం. పాపకు డాక్సీసైక్లిన్ పనికిరాదు. 8 ఏళ్లు నిండనివారికి అది పళ్ల రంగు చెడగొడుతుందని మన మార్గదర్శకాలే వద్దన్నాయి. ఆమెకు మిగిలినవి రెండు. మెఫ్లోక్విన్ అయితే 18 కిలోల బరువుకు వారానికి పావు మాత్ర. ఆమెకు ఫిట్స్ చరిత్ర లేకపోతే ఇవ్వవచ్చు, కాకపోతే చేదు ఎక్కువ. అటొవాక్వోన్–ప్రోగ్వానిల్ అయితే పిల్లల మాత్ర రోజుకు ఒకటి. పిల్లల మాత్ర దొరకకపోతే పెద్దవారి మాత్రలో నాలుగో వంతు మందు అంతే అవుతుంది. దాన్ని సరిగా కోసి, చూర్ణం చేసి, పాలలో కలిపి ఇచ్చే పద్ధతి డాక్టరునే అడిగి రాయించుకోండి.

మీవారికి ఆరోగ్య సమస్యలేవీ లేవని రాశారు కనుక ఏ మందైనా కుదురుతుంది. ఖర్చు చూసుకునేవారికి డాక్సీసైక్లిన్ మంచిదే, అయితే తిరిగి వచ్చాక కూడా 4 వారాలు వేసుకునే ఓపిక ఆయనకు ఉందో లేదో మీకే బాగా తెలుసు.

అత్తగారి విషయంలో నాకు మీ విషయంలో ఉన్నంత ఆందోళనా ఉంది. మెఫ్లోక్విన్ గుండె లయను మార్చగలదు. గుండెలో విద్యుత్ ప్రసారపు లోపాలున్నవారికి ఇవ్వకూడదు, అటెనొలాల్ వంటి మందులు వాడేవారికి జాగ్రత్తగా ఆలోచించి ఇవ్వాలి. ఈసీజీలో చిన్న తేడా అంటే ఏ తేడానో ఆ కాగితం చూస్తే గానీ తెలియదు. ఆవిడ చెప్పిన “లేవండీ” అన్న జవాబు కూడా పూర్తి జవాబు కాదన్నమాట. ఆ వయసులో అటొవాక్వోన్–ప్రోగ్వానిల్ రాసే ముందు రక్తంలో క్రియాటినిన్ చూడాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి అది పడదు. డాక్సీసైక్లిన్ అయితే ఆవిడ కాల్షియం మాత్రలు వేసుకుంటున్నారేమో చూసుకోవాలి.

మీకు నేను పైన చెప్పిన రెండు మందుల్లో ఏదైనా కుదురుతుంది, ఒక్క షరతు మీద. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామన్నారు. గర్భంతో ఉండగా డాక్సీసైక్లిన్ వాడకూడదు, అటొవాక్వోన్–ప్రోగ్వానిల్ గురించి తగినంత సమాచారం లేదు కనుక సాధారణంగా ఇవ్వరు. గర్భిణికి ఇవ్వదగిన మెఫ్లోక్విన్ మీకు సరిపడదు. గర్భంతో ఉన్నవారికి ఫాల్సిపారం సోకితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. అందువల్ల బయలుదేరే ముందు పరీక్ష చేసుకోండి. గర్భం లేదని తేలితే, మందు పూర్తయ్యేదాకా బిడ్డ ప్రయత్నం వాయిదా వేసుకోండి. ఈ లెక్కలో అటొవాక్వోన్–ప్రోగ్వానిల్ మిమ్మల్ని మూడు వారాలు ముందుగా వదిలిపెడుతుంది. ఒకవేళ గర్భం ఉందని తేలితే ప్రయాణం మానుకోవడమే నా సలహా. గృహప్రవేశం ముఖ్యమే, ఆ ఇంటికి తర్వాతైనా వెళ్లవచ్చు.

మీ మాత్రను చాటుగా పారేయడం గురించి అడిగారు. మెఫ్లోక్విన్ వేసుకోకుండా ఉండడం వరకు మీ మనసు సరిగ్గానే చెప్పింది. దాని బదులు మరొకటి లేకుండా వెళ్లడంలో ఉంది చిక్కంతా. అక్కడ మీకు జ్వరం వస్తే, ఈవిడ మందు వేసుకుంటూనే ఉన్నారని మీవారు డాక్టరుకు చెబుతారు, డాక్టరు మలేరియా అయ్యుండదేమోనని ఒక రోజు ఆగుతారు. ఫాల్సిపారంలో ఆ ఒక్క రోజే చాలా ఖరీదైనది. నిజం చెప్పే స్థితిలో మీరు అప్పటికి ఉండకపోవచ్చు.

దానికంటే చాలా తేలికైన దారి ఒకటుంది. మీరు ఒక్కరే ఆ డాక్టరుకు ఫోన్ చేయండి, లేదా ఏదో పని మీద అటు వెళ్లినప్పుడు లోపలికి వెళ్లండి. ఇలా చెప్పవచ్చు: “ఆ రోజు మా అత్తగారు ఉన్నందువల్ల చెప్పలేకపోయాను. ఆరేళ్ల కిందట కాన్పు తర్వాత నాకు కుంగుబాటు వచ్చి 7 నెలలు మందు వాడాను. రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం. మా అత్తగారు అటెనొలాల్ వాడతారు, ఈసీజీలో తేడా ఉంది. దయచేసి మా మందులు మళ్లీ చూడండి. నా విషయం ఇంట్లో ఎవరితోనూ అనవద్దు.” అంతకంటే ఎక్కువ చెప్పనక్కర్లేదు. డాక్టరు రోగి రహస్యాన్ని కాపాడాలన్నది 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలో ఉంది. మానసిక చికిత్సకు సంబంధించిన సమాచారం గోప్యంగా ఉండే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా మీకు ఇచ్చింది. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లడం ఇబ్బందిగా ఉంటే మరో డాక్టరు దగ్గరికి వెళ్లినా తప్పు లేదు. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టే మందులు కనుక మీకు సమయం ఉంది.

ఇంట్లో మందులు మారాయేమని అడిగితే, అత్తగారి గుండె సంగతి తెలిసి డాక్టరుగారు అందరివీ మళ్లీ చూశారని చెప్పండి. అది నిజమే, అబద్ధం ఆడినట్టు కాదు. అత్తగారి ఈసీజీ కాగితం తీసుకుని మీవారిని డాక్టరు దగ్గరికి పంపితే ఆ మార్పుకు అందరి ఆమోదమూ దొరుకుతుంది.

మీవారికి ఆ పాత సంగతి చెప్పాలా అన్నది మీరు అడగలేదు. నేను అడిగించుకోకుండా ఒక్క మాట మాత్రం రాస్తాను. ప్రసవానంతర కుంగుబాటు ఒకసారి వచ్చినవారికి తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం మిగతావారి కంటే ఎక్కువ. అది తెలిసిన భర్త పక్కన ఉంటే మొదటి వారంలోనే గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగలడు. బాలింత నీరసమని నమ్మిన భర్త చూస్తూ ఊరుకుంటాడు. చెప్పడం వల్ల ఇంట్లో మాట మారుతుందేమోనన్న మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీవారి స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. ఈ ప్రయాణం కోసం చెప్పనక్కర్లేదు, రెండో బిడ్డ కోసం నిశ్చయించుకునే ముందు ఆలోచించండి.

ఏ మందూ నూటికి నూరు పాళ్లూ కాపాడదు. అనాఫిలిస్ దోమ సాయంత్రం చీకటి పడినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది కనుక ఆ వేళల్లో ఒళ్లంతా కప్పే బట్టలు, దోమలను దగ్గరికి రానివ్వని డీట్ అనే రసాయనం ఉన్న లేపనం, మందు పట్టించిన దోమతెర తప్పనిసరి. సన్‌స్క్రీన్ వాడితే అది ముందు, దోమల లేపనం దాని మీద. ఎల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపుతారు. 60 దాటిన అత్తగారికి, గర్భం గురించి ఆలోచిస్తున్న మీకు ఆ టీకా గురించి కూడా డాక్టరుతో విడిగా మాట్లాడండి.

అక్కడ అడుగుపెట్టిన వారం తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, తిరిగి వచ్చాక మూడు నెలల దాకా మరింత జాగ్రత్తగా, ఏడాది దాకా గుర్తుపెట్టుకుని, అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. చెన్నైలో జ్వరమంటే ముందు డెంగీ అనుకుంటారు. అందుకే “ఉగాండా వెళ్లొచ్చాం” అన్న మాట మీరే ముందుగా చెప్పాలి. మొదటి పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు, ఆ మర్నాడు మళ్లీ చేయించండి.

డాక్టరుకు ఫోన్ చేసే ముందు మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడండి. అప్పటి సైకియాట్రిస్టు రాసిన చీటీలు ఆవిడ దాచే ఉంటారు. ఏ మందు, ఎంత డోసు, ఎన్నాళ్లు అన్నది చూస్తే డాక్టరు నిర్ణయం తేలికవుతుంది, రెండో కాన్పు సమయంలోనూ అవే కాగితాలు పనికివస్తాయి. ఎవరికీ చెప్పవద్దని మీ దగ్గర ఆవిడ తీసుకున్న మాటను మీరు తప్పడం లేదని, డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పడం లేదని ఆవిడతో చెప్పి, ఆ చీటీలు ఫొటో తీసి పంపమనండి.